విరిగిన బోల్టు తీయడానికి ఏ పద్ధతి ముందు, ఏది చివర

స్పానర్ మీద బలం పెడుతూ ఉంటారు. బోల్టు మొదట మొండికేస్తుంది, తర్వాత కాస్త కదిలినట్టు అనిపిస్తుంది. హమ్మయ్య, వస్తోంది అనుకునేలోపే చేయి ఒక్కసారిగా తేలికైపోతుంది. తల చేతికొచ్చింది, మొండెం ఇంజిన్‌లో ఉండిపోయింది.

నాకు మొదటిసారి ఇది జరిగింది ఇంజిన్‌ను చల్లబరిచే నీటి దారిలోని థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర. చిన్న ఎం6 బోల్టు, అంటే 6 మి.మీ. వ్యాసం ఉన్నది. టెన్షన్‌లో టూల్ బాక్స్‌లోంచి ఈజీ అవుట్ (విరిగిన బోల్టులో దూర్చి తిప్పే మెలికల కడ్డీ) తీసి, మొండెంలో చిన్న రంధ్రం వేసి, దాన్ని దించి తిప్పాను. పావు చుట్టు తిరిగిందో లేదో అదీ టక్కుమని విరిగింది. అప్పటిదాకా నా ఎదురుగా ఉన్నది మామూలు బోల్టు ముక్క. ఆ క్షణం నుంచి దాని నడుమ ఏ మామూలు డ్రిల్ బిట్టుకూ లొంగని గట్టి ఉక్కు మేకు కూడా చేరింది. గంటలో అయిపోవాల్సిన పని రెండు వారాంతాలు తినేసింది.

అప్పటినుంచి ఏ పద్ధతి ఎంచుకునే ముందైనా ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను: ఇది ఫెయిలైతే తర్వాత నా చేతిలో ఏం మిగులుతుంది? "ఏది త్వరగా అవుతుంది", "ఏ టూల్ నా దగ్గరుంది" అన్నవి ఆ తర్వాతి సంగతి. కొన్ని పద్ధతులు ఫెయిలైనా పోయేదేమీ ఉండదు, మళ్లీ ప్రయత్నించవచ్చు, ఇంకోటి చూడవచ్చు. కొన్ని ఫెయిలైతే మిగతా దారులన్నీ మూసుకుపోతాయి. ఈ పోలికంతా ఆ లెక్క ప్రకారమే.

ముందు ఎందుకు విరిగిందో చూడండి

బిగిస్తుండగా విరిగిందా, విప్పుతుండగా విరిగిందా? చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. కానీ సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

బిగిస్తుండగా విరిగితే సంతోషించాల్సిన విషయమే. బోల్టు బిగుతుగా ఉండేది దాన్ని సాగదీసినందువల్ల. తల ఊడగానే ఆ సాగుడు పోతుంది, మొండెం మరల్లో వదులుగా కూర్చుంటుంది. తుప్పు లేదు, పట్టేసిందీ లేదు. మొనదేలిన పంచ్‌ను మొండెం అంచుకు ఆనించి, ఎడమవైపు తిరిగేలా చిన్న సుత్తితో చిన్నగా తడితే చాలాసార్లు అదే తిరుగుతూ పైకి వస్తుంది. ఇలాంటివి ఎక్కువగా చిన్న బోల్టులే. 8.8 గ్రేడు (బోల్టు బలాన్ని చెప్పే అంకె) ఎం6 బోల్టును మామూలుగా సుమారు 10 న్యూటన్ మీటర్లకు బిగిస్తారు. అంటే 20 సెంటీమీటర్ల పిడి చివర ఐదు కిలోల బరువు పెట్టినంత. పెద్ద బోల్టులు విప్పిన ఊపులో అదే రాట్చెట్‌తో దీన్ని బిగిస్తే విరగక ఏమవుతుంది?

విప్పుతుండగా విరిగిందంటే కథ వేరు. మొండెం మరల్లో పట్టేసింది కాబట్టే తల ఊడింది. అల్యూమినియం సిలిండర్ హెడ్‌లో (సిలిండర్ల పైన మూతలా ఉండే ఇంజిన్ భాగం) ఉక్కు బోల్టు ఉండి, తేమ చేరితే రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అల్యూమినియం తినుకుపోతుంది. ఆ తెల్లటి పొడి మరల సందుల్లో నిండి బోల్టును బిగదీస్తుంది. ఇంజిన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టడ్‌ల (తల లేని, మరలున్న కడ్డీల) దగ్గర వేల సార్లు వేడెక్కి చల్లారడం, దానికి తోడు తుప్పు. ఇక్కడ మొండెం మీద బలం చూపించే ముందు ఆ పట్టు వదిలించాలి. పట్టు వదలకుండా ఏ టూల్ పెట్టినా మళ్లీ విరగడమే.

విరిగిన తలను పారేయకండి. దాని మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది. ఈ రెండూ మంచి డ్రిల్ బిట్టుకు లొంగుతాయి. 12.9 అని ఉంటే, అలెన్ కీ పట్టే బోల్టుల్లో ఇది తరచూ కనిపిస్తుంది, కోబాల్ట్ కలిపిన బిట్టు తప్పనిసరి. విరిగిన ముఖం కూడా ఒకసారి చూడండి. కొంత భాగం నల్లగా, తుప్పు పట్టి, మిగతాది తళతళలాడుతుంటే పగులు ఎప్పటినుంచో ఉన్నట్టే. పక్కనున్న బోల్టుల పరిస్థితి కూడా అంతంతమాత్రమే అనుకుని వాటి మీద ఇప్పుడే నూనె వేసి ఉంచడం మంచిది.

మొండెం బయటికి కనిపిస్తుంటే

ఐదారు మిల్లీమీటర్లయినా బయట ఉంటే డ్రిల్లు జోలికే వెళ్లకండి. మీ చేతిలో ఉన్న పెట్టుబడి అంతా ఆ కాస్త పొడవే.

మొదట తుప్పు వదిలించే నూనె. పేరులో ఏమున్నా, సన్నటి సందుల్లోకి ఇంకడానికే తయారుచేసిన నూనె తీసుకోండి. డబ్ల్యూడీ-40 పేరులోని మొదటి రెండు అక్షరాలకు అర్థమే నీటిని తరిమేయడం. ఏమీ లేనప్పుడు అదీ పనికొస్తుంది కానీ పట్టేసిన స్టడ్‌కు నా మొదటి ఎంపిక కాదు. నూనె వేసి రాత్రంతా వదిలేయాలి. మధ్యమధ్యలో మొండెం కొన మీద సుత్తితో చిన్న దెబ్బలు వేస్తే ఆ అదురుకు నూనె లోపలికి దిగుతుంది. పది నిమిషాలాగి "నూనె పనిచేయలేదు" అనేవాళ్లను చూస్తే పాలు తోడేసి పది నిమిషాలకే మూత తీసి చూసేవాళ్లు గుర్తొస్తారు.

తర్వాత పట్టుకునే సాధనం. ఇక్కడ నాలుగు దారులున్నాయి, నాలుగూ ఒకటి కాదు. లాకింగ్ ప్లయర్ అందరి దగ్గరా ఉంటుంది. కానీ అది జారిన ప్రతిసారీ మొండెం కొంచెం గుండ్రంగా అరిగిపోతుంది. రెండుసార్లు జారితే ఆపేయండి, మూడోసారి కుదరదు. మొండెం మీద మంచి మరలు మిగిలుంటే రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి గట్టిగా బిగించి, కింది నట్టును ఎడమకు తిప్పడం ఎంతో శుభ్రమైన పద్ధతి. మరలు పాడవవు, మొండెం పాడవదు. పట్టు మరీ గట్టిగా ఉంటే మాత్రం నట్లే జారిపోతాయి. స్టడ్ ఎక్స్‌ట్రాక్టర్, అంటే లోపల రోలర్లుండి తిప్పేకొద్దీ బిగుసుకునే సాకెట్, ఈ రెండింటికంటే బలంగా పట్టుకుంటుంది. స్టడ్‌లతో తరచూ పనిపడేవాళ్లు కొనుక్కోదగ్గది. ఏమీ లేకపోతే ఆకురాయితో మొండెం రెండు పక్కలా చదును చేసి స్పానర్ పెట్టండి. మొరటుగా కనిపిస్తుంది కానీ ప్లయర్ కంటే ఎన్నో రెట్లు నయం.

ఏది పెట్టినా ఒకే దిక్కుకు లాగకండి. కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ విప్పాలి. కదలిక మొదలయ్యాక నూనె చుక్క వేస్తూ ముందుకీ వెనక్కీ ఆడిస్తే తుప్పు పొడి బయటికొస్తుంది. ఒకే ఊపులో తీయబోతే ఆ పొడే మరల మధ్య నలిగి మళ్లీ పట్టేస్తుంది.

వేడి చేయాలా వద్దా

వేడి మంచి మందే, ఎక్కడ పెడుతున్నారన్నదే ప్రశ్న. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కాబట్టి అల్యూమినియం హెడ్‌లో ఇరుక్కున్న ఉక్కు బోల్టు దగ్గర బోల్టును కాకుండా దాని చుట్టూ ఉన్న అల్యూమినియంను వేడి చేయాలి. రంధ్రం పెద్దదవుతుంది. 150 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఎం8 బోల్టు చుట్టూ వచ్చే సందు మిల్లీమీటరులో నూరో వంతు పైచిలుకు మాత్రమే. అయినా ఆ తెల్ల పొడి పట్టు చెదరడానికి చాలాసార్లు అది సరిపోతుంది.

పోత ఇనుము బ్లాకులో ఉక్కు బోల్టు అయితే ఈ లెక్క పారదు, రెండింటి వ్యాకోచం దాదాపు సమానం. అక్కడ బోల్టునే ఎర్రగా కాల్చాలి. చుట్టూ ఇనుము బిగించి ఉన్నందున అది పక్కకు పెరగలేక తనలో తానే నలుగుతుంది, చల్లారాక ఒక పిసరు చిన్నదై వదులవుతుంది.

అల్యూమినియంతో ఒక ప్రమాదముంది. అది ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, ఇంజిన్ భాగాల్లో వాడే మిశ్రమ లోహాలు అంతకంటే ముందే మెత్తబడతాయి. నీటి చుక్క చిటపటలాడి ఎగిరిపోయేంత వేడి చాలు, అక్కడితో ఆగండి. పెట్రోలు పైపులు, వైరింగు, రబ్బరు సీళ్లు దగ్గర్లో ఉంటే మంట వాడొద్దు. నూనె స్ప్రే చేసిన చోట అసలే వద్దు, తుడిచి ఆరనివ్వండి. బ్రేక్ క్లీనర్‌తో శుభ్రం చేసిన చోటయితే ఇంకా జాగ్రత్త: క్లోరిన్ ఉన్న రకాలు మంటకో వెల్డింగ్ వేడికో గురైతే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

మొండెం ఉపరితలానికి సమానంగానో లోపలో ఉంటే

అసలు పోటీ ఇక్కడే. నాలుగు దారులు: నట్టు వెల్డు చేయడం, ఎడమ చుట్టు డ్రిల్ బిట్టు, ఎక్స్‌ట్రాక్టర్ (ఈజీ అవుట్ ఇందులో ఒక రకం), పూర్తిగా డ్రిల్లు చేసి తీసేయడం.

మీ దగ్గర మిగ్ వెల్డింగ్ (తీగ దానంతటదే వచ్చే రకం) ఉండి, టార్చ్ కొన అక్కడికి చేరుతుందంటే నా ఓటు వెల్డింగ్‌కే. మొండెం మీద కాస్త పెద్ద సైజు నట్టు ఉంచి, దాని కంతలోంచి మొండెంను, నట్టును కలిపి వెల్డు చేస్తారు. దీని అందం రెండు విధాలు. తిప్పడానికి కొత్త తల వస్తుంది, ఆ వేడికే లోపలి పట్టు కూడా వదులుతుంది. ఉక్కు వెల్డు అల్యూమినియానికి అతుక్కోదు కాబట్టి మొండెం ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలున్నా దాని మీద కొంచెం కొంచెం లోహం పోగుచేసి పైకి తేవచ్చు. పోత ఇనుములో మాత్రం వెల్డు గోడకు అంటుకునే ప్రమాదం ఉంది. నట్టు ఊడిపోతే? ఊడనివ్వండి, మళ్లీ ఇంకోటి పెట్టండి. మూడోదో నాలుగోదో పనిచేయడం మామూలే, ప్రతిసారీ ఇంకో వేడి డోసు పడుతుంది కదా. ఫెయిలైనా ఏమీ పోదు అన్నానే, అది ఇదే. వెల్డు చేసిన వెంటనే తిప్పకండి, ఎరుపు పోయి కాస్త చల్లారాక మెల్లగా ఇటూ అటూ ఆడించండి.

అయితే షరతులున్నాయి. జింకు పూత ఉన్న నట్టు వద్దు, ఆ పొగ పీలిస్తే ఒళ్లు కాలి జ్వరం వస్తుంది. పూత గీకేసి వాడండి. వెల్డు చేసేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, ఎర్త్ క్లాంపును పని జరిగే చోటికి దగ్గరగా పెట్టాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండానో ఎలక్ట్రానిక్స్ గుండానో దారి వెతుక్కుంటుంది. మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉండాలి. కడ్డీ వెల్డింగ్‌తో ఎం10, అంతకంటే పెద్దవి చేయవచ్చు. ఎం6 మీద కడ్డీ పెడితే ఏది నట్టో ఏది హెడ్డో తెలియకుండా పోతుంది.

వెల్డింగ్ లేనివాళ్లకు, అంటే ఇళ్లలో పనిచేసుకునే మనలో ఎక్కువమందికి, ఎడమ చుట్టు బిట్టు నా మొదటి సలహా. మామూలు బిట్టు కుడికి తిరుగుతూ కోస్తుంది, అంటే మొండెంను ఇంకా లోపలికి బిగిస్తుంది. ఎడమ చుట్టు బిట్టును డ్రిల్లు రివర్స్‌లో పెట్టి వాడతారు. కోసేటప్పుడు పుట్టే వేడి, అదురు, తిప్పే బలం, మూడూ విప్పే దిక్కులోనే పనిచేస్తాయి. బిట్టు ఒక్కసారి మొండెంలో కరుచుకుంటే మొండెం తిరుగుతూ బయటికొస్తుంది. ఆ దృశ్యం చూస్తే వచ్చే ఆనందం అంతా ఇంతా కాదు. రాకపోతే? తర్వాతి పద్ధతికి ఎలాగూ కావాల్సిన రంధ్రం తయారై ఉంటుంది. నష్టం సున్నా. ఇంత మంచి బేరం ఉన్నా చాలామంది టూల్ బాక్సుల్లో ఈ బిట్లు ఉండవు, ఈజీ అవుట్ సెట్ మాత్రం తప్పకుండా ఉంటుంది.

ఇక ఆ ఈజీ అవుట్. సన్నగా మొదలై లావయ్యే ఎడమ మెలికల కడ్డీ. మొండెంలో రంధ్రం వేసి దాన్ని దించి ఎడమకు తిప్పితే మెలికలు కరుచుకుని మొండెంను తిప్పాలి. ఆలోచన బాగుంది. కానీ రెండు సంగతులు దీనికి ఎదురు నిలుస్తాయి. ఒకటి, సూదిగా ఉన్న కడ్డీ లోపలికి దిగేకొద్దీ మొండెం గోడల్ని బయటికి నెడుతుంది, అంటే మరల్లో ఇంకా బిగిస్తుంది. రెండు, దాని బలం. కడ్డీ మెలితిప్పును తట్టుకునే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. ఒకే లోహమైతే సగం లావున్న కడ్డీకి ఎనిమిదో వంతు బలమే. ఈజీ అవుట్ ఉక్కు బోల్టు కంటే గట్టిదే కానీ అంతే పెళుసు, వంగదు, విరుగుతుంది. మొత్తం లావున్న బోల్టే ఆ పట్టును జయించలేక విరిగినప్పుడు, దాని కడుపులో దూర్చిన సన్న కడ్డీ ఎలా జయిస్తుంది?

అందుకే నా నియమం: బిగిస్తుండగా విరిగిన బోల్టుకు ఈజీ అవుట్ ఓకే. విప్పుతుండగా విరిగినదానికి, వేడి, నూనె, ఎడమ చుట్టు బిట్టు అన్నీ అయ్యాక, అదీ చేతి పట్టుకు కొంచెం కదులుతోందనిపిస్తేనే. ఎక్స్‌ట్రాక్టర్లలో సూదిగా కాకుండా పొడవంతా ఒకే లావుగా, నిలువు గాట్లతో ఉండే రకం ఉంది. సుత్తితో దించి స్పానర్‌తో తిప్పుతారు. గోడల్ని తక్కువ నెడుతుంది కాబట్టి కొనేటప్పుడు అదే తీసుకోండి. తిప్పేటప్పుడు రెండు వైపులా పిడి ఉన్న ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) హ్యాండిల్ వాడండి. ఒక పక్క స్పానర్ పెడితే వంపు బలం కూడా పడి పెళుసు ఉక్కు టక్కుమంటుంది. చేతికి స్ప్రింగులా సాగినట్టు అనిపించిందా, ఆగండి. అది విరగబోతోందని చెప్పడమే.

అన్నింటికంటే కష్టమైన భాగం: నడిమధ్యన రంధ్రం

ఎడమ చుట్టు బిట్టయినా, ఎక్స్‌ట్రాక్టర్ అయినా, పూర్తి డ్రిల్లింగ్ అయినా అన్నింటికీ మూలం ఒకటే: రంధ్రం సరిగ్గా మధ్యలో, నిటారుగా పడాలి. ఇక్కడ అరగంట ఎక్కువ పెడితే తర్వాత రోజులు మిగులుతాయి.

విరిగిన ముఖం ఎప్పుడూ ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాని మీద నేరుగా బిట్టు పెడితే పల్లంవైపు జారుతుంది. ఉక్కు పక్కనే అల్యూమినియం ఉంటే ఇంకా నష్టం, బిట్టు మెత్తటి లోహంవైపే పరుగెడుతుంది. కాబట్టి ముందు చిన్న గ్రైండింగ్ బిట్‌తోనో ఆకురాయితోనో ముఖాన్ని చదును చేసి, సెంటర్ పంచ్‌తో గుంట వేయాలి. గుంట పడ్డాక అద్దంలో రెండు పక్కల నుంచి చూడండి, పక్కకు పడితే పంచ్‌ను వాల్చి కొట్టి మధ్యకు లాగవచ్చు. బిట్టు పెట్టకముందే ఆ సవరణ చేయాలి.

ఇంతకంటే మంచి ఉపాయం ఒకటుంది. ఊడదీసిన భాగాన్నే గైడుగా వాడుకోవడం. థర్మోస్టాట్ హౌసింగో, కవరో మంచిగా ఉన్న మిగతా బోల్టులతో మళ్లీ బిగించండి. విరిగిన బోల్టు వెళ్లే రంధ్రంలో సరిగ్గా పట్టే చిన్న బుష్ (గొట్టం లాంటి ముక్క), మధ్యలో 3 మి.మీ. కంత ఉన్నది, లేత్ మీద చేయించి పెడితే బిట్టు ఎటూ కదలలేదు. చేతి మీద ఎంత నమ్మకమున్నా ఎం6 దగ్గర నేను బుష్ లేకుండా డ్రిల్లు ముట్టుకోను.

డ్రిల్లు మెల్లగా తిప్పండి, గట్టిగా ఒత్తండి, కోతకు నూనె వేయండి. వేగంగా తిప్పితే బిట్టు కోయకుండా రాసుకుంటూ వేడెక్కి, కొన మొద్దుబారిపోతుంది. కొత్త బోల్టును రంధ్రం పక్కన పెట్టి ఎంత లోతు వెళ్లాలో కొలిచి, బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. కొన్ని రంధ్రాల అడుగున నీటి జాకెట్టో ఆయిల్ దారో ఉంటుంది. అలాంటి చోట, అలాగే సిలిండర్లు తెరిచి ఉన్నప్పుడు, చుట్టూ గుడ్డ కుక్కి, బిట్టుకు గ్రీజు రాసి రజను అంటుకునేలా చూసుకోండి.

పూర్తిగా డ్రిల్లు చేయడం చివరి నమ్మకమైన దారి. 3 మి.మీ.తో మొదలుపెట్టి అంచెలంచెలుగా పెంచుతూ ట్యాప్ సైజు దాకా వెళ్లాలి. ఎం6కు 5 మి.మీ., ఎం8 మామూలు మరకు 6.8, ఎం10 మామూలు మరకు 8.5, ఎం10 సన్న మరకు (మర మరకు మధ్య దూరం 1.25 మి.మీ.) 8.8. అక్కడికి చేరేసరికి మొండెం పలచటి స్ప్రింగులా మిగులుతుంది. కొనదేలిన కొక్కెంతో లాగి, ట్యాప్ తిప్పి మరలు శుభ్రం చేస్తే పాత మరలే దక్కుతాయి. అయితే ఎం8 మర లోతు ఒక్కో పక్క సుమారు ముప్పావు మిల్లీమీటరే. రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగినా ఒకవైపు మర దాదాపు పోయినట్టే. జరిగిందని తెలిస్తే 6 దగ్గర ఆగి, మిగిలిన గోడను సన్న ఉలితో లోపలికి వంచి తీయడం మేలు.

మర పోతే

పోనివ్వండి, ప్రపంచం ఆగిపోదు. హెలికాయిల్ పేరుతో అందరికీ తెలిసిన స్టెయిన్‌లెస్ తీగ చుట్ట ఉంది. రంధ్రం కాస్త పెద్దది చేసి, కిట్‌లో వచ్చే ప్రత్యేక ట్యాప్‌తో మర వేసి, చుట్టను ఉపరితలం కంటే ఒక చుట్టు కిందికి దించి, అడుగున ఉన్న నాలుకను విరిచేస్తారు. అల్యూమినియంలో ఇది అసలు మర కంటే గట్టిగా నిలుస్తుంది. కవర్లు, పంపులు, మానిఫోల్డులకు ఇది చాలు. స్పార్క్ ప్లగ్గులు, హెడ్ బోల్టుల్లాంటి చోట తీగ బదులు గట్టి బుష్ రకం ఇన్‌సర్ట్ పెట్టించండి. ఎన్నిసార్లు విప్పి బిగించినా కదలదు, కానీ దానికి ఇంకా పెద్ద రంధ్రం కావాలి, చుట్టూ లోహం ఉండాలి. పెద్ద సైజు బోల్టు పెట్టేయడం తేలికగా కనిపిస్తుంది కానీ పక్క భాగం రంధ్రం కూడా పెద్దది చేయాలి, తర్వాత విప్పేవాడు తిట్టుకుంటాడు. నేను ఆ దారి పోను.

లోపల టూల్ కూడా విరిగితే

ఈజీ అవుటో ట్యాపో లోపల విరిగితే మామూలు బిట్లు పనిచేయవు. పెళుసు ఉక్కే కాబట్టి గట్టి పంచ్‌తో కొట్టి ముక్కలు చేసి ఏరుకోవచ్చు. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకండి, ముక్కలు గాజులా ఎగురుతాయి. కార్బైడ్ బిట్టు దాన్ని కోస్తుంది కానీ చేతి డ్రిల్లులో చిన్న వణుకుకే విరిగిపోతుంది. మిల్లింగ్ మెషీన్ మీద పెట్టాల్సిన సరుకు అది.

నిజమైన పరిష్కారం ఈడీఎం. విద్యుత్ స్పార్కులతో లోహాన్ని కణం కణంగా తినేసే యంత్రం. ఎంత గట్టి ఉక్కయినా దానికి ఒకటే, పక్కన మరలు ముట్టుకోకుండా మధ్య ముక్కను మాత్రమే తీస్తుంది. 1943లో సోవియట్ శాస్త్రవేత్తలైన లాజరెంకో దంపతులు ఎలక్ట్రికల్ కాంటాక్టులు స్పార్కులకు అరిగిపోకుండా ఎలా ఆపాలా అని చూస్తూ, ఆ అరుగుదలనే పనిముట్టుగా మార్చారు. రెండు వారాంతాలు పోగొట్టుకున్న నా హౌసింగ్ చివరికి అలాంటి యంత్రం కిందకే వెళ్లింది. పది నిమిషాల్లో ముక్క పొడైపోయింది.

ఇంకో పాత ఉపాయం పటిక. గడియారాలు బాగుచేసేవాళ్లు ఇత్తడిలో విరిగిన ఉక్కు మరలను పటిక నీళ్లలో కరిగిస్తారు. వేడి పటిక ద్రావణం ఉక్కును మెల్లగా తింటూ అల్యూమినియంను చాలావరకు వదిలేస్తుంది. కాకపోతే భాగం పూర్తిగా ఊడదీసి ముంచగలగాలి, దానికి వేరే ఉక్కు ముక్క ఏదీ ఉండకూడదు, రోజుల తరబడి ఓపిక ఉండాలి. చిన్న హౌసింగ్‌కు సరే, సిలిండర్ హెడ్‌కు కుదరదు.

ఎక్కడ ఆపాలి

కొన్నిసార్లు ఏమీ చేయకపోవడమూ ఒక ఎంపికే. వాల్వ్ కవర్‌కు ఉన్న పది బోల్టుల్లో ఒకటి విరిగి, ఆయిల్ కారకపోతే వచ్చే సెలవుదాకా వదిలేయవచ్చు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చివరి స్టడ్ విరిగితే పక్క రంధ్రం ఆధారంగా ఒత్తిపట్టే క్లాంపులు కొన్ని ఇంజిన్లకు దొరుకుతాయి. అయితే అక్కడ పొగ లీకవుతుంటే ఆలస్యం చేయకండి, ఆ పొగ క్యాబిన్‌లోకి వస్తే ప్రాణాల మీదకే. హెడ్, టైమింగ్ భాగాలు, వాటర్ పంపు, ఇంజిన్ మౌంట్లు, ఇక్కడ ఒక్క బోల్టు తక్కువైనా నడపవద్దు.

హెడ్ బోల్టు బ్లాకులో విరిగినా, డ్రిల్లు నిటారుగా పట్టేంత చోటు లేకపోయినా, లేదా రెండు పద్ధతులు ఫెయిలై చేయి వణుకుతున్నా, భాగాన్ని ఊడదీసి మెషీన్ షాపుకు తీసుకెళ్లండి. వెళ్లేముందు ఇంకేమీ కెలకకండి. శుభ్రంగా విరిగిన మొండెం వాళ్లకు చిన్న పని. పక్కకు జరిగిన రంధ్రం, దాంట్లో ఇరుక్కున్న ఈజీ అవుట్ పెద్ద పని.

కొత్త బోల్టు పెట్టేముందు రంధ్రంలో నూనె, నీరు, రజను లేకుండా ఊదేయండి. అడుగు మూసుకున్న రంధ్రంలో ద్రవం మిగిలితే బోల్టు దాన్ని పిస్టన్‌లా ఒత్తుతుంది, ఆ ఒత్తిడికి బ్లాకే పగలవచ్చు. పట్టేయకుండా పూసే యాంటీ సీజ్ పేస్టు రాస్తే మరల్లో రాపిడి తగ్గుతుంది, అంతే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది. మాన్యువల్ పొడి మరలకు ఇచ్చిన అంకె దాకా లాగకుండా కొంచెం ముందే ఆగండి. సాగదీసి బిగించే రకం హెడ్ బోల్టులైతే పాతవి మళ్లీ వాడకండి, విరగనివి కూడా. టార్క్ రెంచ్ లేకపోతే ఆ రోజుకు అక్కడే ఆపి, ఎవరినైనా అడిగి తెచ్చుకున్నాకే బిగించండి.